జేఈఈ లెక్కలకు ఆరో తరగతి నుంచే భయపడాలా?

ఆరో తరగతి పిల్లాడికి ‘ఐఐటీ ఫౌండేషన్’ సెక్షన్‌లో సీటు కోసం తిరిగే తల్లిదండ్రులు చెప్పే కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే. జేఈఈ లెక్కలు మామూలు పుస్తకాలు చదివితే వచ్చేవి కావని, ఇప్పుడే మొదలుపెట్టకపోతే పిల్లాడు వెనకబడిపోతాడని. ఆ మాట నిజమో కాదో ప్రశ్నపత్రం ముందు పెట్టుకుని చూసుకునేవాళ్లు తక్కువ. పక్కింటివాళ్లు చేర్పించారని చేర్పిస్తారు, పీఆర్వో ఇంటికొచ్చి చెప్పాడని అడ్వాన్సు కడతారు. పాత ప్రశ్నపత్రాలు నాలుగు తిరగేస్తే తెలిసేది ఇది: జేఈఈ మెయిన్, ఈఏపీసెట్‌లలో లెక్కల ప్రశ్నల్లో ఎక్కువ భాగం ఇంటర్ పాఠం సరిగ్గా అర్థమైన విద్యార్థికి అందేవే. అక్కడ విద్యార్థిని దెబ్బతీసేవి సమయం, పోటీ, తొందరపాటు. ఆ మూడింటికీ ఆరో తరగతిలో మందు లేదు.

అర్హత గురించి చెప్పాల్సింది తక్కువే: ఇంటర్ ఎంపీసీ పాసైనవాళ్లు, రెండో ఏడాది రాస్తున్నవాళ్లు వరుసగా మూడేళ్లు జేఈఈ మెయిన్ రాయొచ్చు, అందులో అర్హత వస్తే వరుసగా రెండేళ్లు అడ్వాన్స్‌డ్ రాయొచ్చు. సిలబస్ కూడా రహస్యం కాదు. తెలుగు అకాడమీ లెక్కల పుస్తకాల్లోని హైపర్బోలిక్ ప్రమేయాల వంటి కొన్ని పాఠాలు జేఈఈ మెయిన్‌లో అడగనే అడగరు. అక్కడ అడిగి ఇక్కడ లేని ఒకటి రెండు పాఠాలు ఎన్‌సీఈఆర్‌టీ పదకొండు, పన్నెండో తరగతి పుస్తకాల్లో దొరుకుతాయి. రెండూ దగ్గర పెట్టుకుంటే కొత్త గణితం ఎక్కడినుంచో తెచ్చుకోవాల్సిన పనిలేదు.

మాటలతో కాకుండా ఒక లెక్కతోనే చూద్దాం. జేఈఈ మెయిన్ తరహా ప్రశ్న ఇలా ఉంటుంది: ఒక వర్గ సమీకరణంలో ఎక్స్ స్క్వేర్ గుణకం 1, ఎక్స్ గుణకం 2(కె–1), స్థిరపదం కె+5. రెండు మూలాలూ ధన వాస్తవ సంఖ్యలు కావాలంటే కె తీసుకోగల పూర్ణాంక విలువలు ఎన్ని? చూడగానే బెదిరిపోయే ప్రశ్నే. కానీ దీనికి కావలసినవి మూడే మూడు విషయాలు. మూలాలు వాస్తవం కావాలంటే విచక్షణి సున్నా లేదా అంతకన్నా ఎక్కువ ఉండాలి. దాన్నుంచి కె మైనస్ 1 గానీ అంతకు తక్కువ గానీ, లేదంటే 4 గానీ అంతకు ఎక్కువ గానీ అని వస్తుంది. మూలాల మొత్తం ధనం కావాలంటే కె 1 కన్నా తక్కువ ఉండాలి. లబ్ధం ధనం కావాలంటే మైనస్ 5 కన్నా ఎక్కువ ఉండాలి. మూడూ కలిపితే మిగిలేవి మైనస్ 4, మైనస్ 3, మైనస్ 2, మైనస్ 1. జవాబు 4. విచక్షణి, మూలాల మొత్తం, మూలాల లబ్ధం మూడూ పదో తరగతి పాఠాలే. మరి విద్యార్థి తప్పేది ఎక్కడ? విచక్షణి సున్నా అయినా ఫర్వాలేదన్న సంగతి మరిచిపోయే చోట. కె మైనస్ 1 అయితే రెండు మూలాలూ 2 అవుతాయి, అవీ ధన సంఖ్యలే. ఆ ఒక్కటి వదిలేసి జవాబు 3 అని రాసినవాడికి రావాల్సిన 4 మార్కులు పోతాయి, పైగా మైనస్ 1. ఇతనికి తెలియని గణితం ఇందులో ఏమీ లేదు. మూడు షరతులూ మనసులో నిలుపుకుని, నిదానంగా ఆలోచించే అలవాటు లేకపోవడమే లోపం. ఆ అలవాటు షార్ట్‌కట్‌లు బట్టీ పట్టిస్తే రాదు, బట్టీ పట్టిస్తే ఉన్నది కూడా పోతుంది.

ఇక సమయం. ఈఏపీసెట్‌లో 180 నిమిషాల్లో 160 ప్రశ్నలు, వాటిలో సగం, అంటే 80, లెక్కలే. సగటున ఒక్కో ప్రశ్నకు 67.5 సెకన్లు. జేఈఈ మెయిన్‌లో 2025 నుంచి 75 ప్రశ్నలు, అంతే సమయం. అంటే ప్రశ్నకు రెండున్నర నిమిషాల లోపే. రెంటిలో ప్రశ్న విడిగా చూస్తే ఈఏపీసెట్‌ది తేలిక, కానీ చాలామంది పిల్లలు లెక్కలు సగంలో వదిలేసి బయటికొచ్చేది ఆ హాలు నుంచే. వీటి పక్కన ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ (ఐఎస్ఐ) బీస్టాట్, బీమ్యాథ్ ప్రవేశ పరీక్షలోని రెండో పేపరును పెట్టి చూడండి. రెండు గంటల్లో 8 ప్రశ్నలు, సాధన మొత్తం రాసి చూపాలి. పావుగంట కూర్చుంటే గానీ ఒక లెక్క తెమలదు. గణితం కష్టం అంటే అది. మన పిల్లల్ని భయపెడుతున్నది ఆ కష్టం కాదు. ఒక తెలిసిన లెక్కను నిమిషంలో, తప్పు లేకుండా, పక్కన ఇంకో డెబ్బై తొమ్మిది ఎదురుచూస్తుండగా చెయ్యాల్సి రావడం. వేగం అభ్యాసంతో వస్తుంది, దానికి పాత పేపర్లు ముందు పెట్టుకుని గడియారం చూసుకుంటూ ఇంటర్ రెండో ఏడాదిలో కొన్ని నెలలు చేసే సాధన చాలు. పదకొండేళ్ల పిల్లవాడికి స్టాప్‌వాచ్ ఇవ్వాల్సిన అవసరం ఎక్కడా కనిపించదు.

అమెరికా కాలేజీలకు పంపాలనుకునే ఇళ్లలో ఎస్ఏటీ గురించి దీనికి తలకిందులుగా ఉండే నమ్మకం ఒకటుంది, మన పిల్లలకు ఆ లెక్కలు మంచినీళ్ల ప్రాయమని. 70 నిమిషాల్లో 44 ప్రశ్నలు, మొదటినుంచీ చివరిదాకా కాలిక్యులేటర్ వాడుకోవచ్చు, కలన గణితం ఉండదు. నిజమే, ఎంపీసీ విద్యార్థికి ఇందులో కొత్త పాఠం లేదు. కానీ కొన్ని ప్రశ్నలు ఇంగ్లిష్ వాక్యాల్లో చెప్పిన సందర్భాలుగా ఉంటాయి, అడిగినదేమిటో చివరి వాక్యంలో ఉంటుంది. పైగా మొదటి మాడ్యూల్‌లో చేసినదాన్నిబట్టి రెండోది కష్టంగానో తేలిగ్గానో వస్తుంది కాబట్టి, మొదట్లో అజాగ్రత్తగా చేసిన తప్పులు చివరి స్కోరును కిందికి లాగేస్తాయి. సులువైన ప్రశ్నలతోనూ కష్టమైన పరీక్ష పెట్టొచ్చని ఇక్కడా తెలుస్తోంది.

దీనికి వచ్చే గట్టి అభ్యంతరం కటాఫ్‌ల గురించి. ప్రశ్నలు అందేవే అయితే అంత తక్కువ మార్కులు ఎందుకొస్తున్నాయి? న్యాయమైన ప్రశ్నే. 2018 జేఈఈ మెయిన్‌లో అడ్వాన్స్‌డ్‌కు జనరల్ కటాఫ్ 360కి 74 మార్కులు, అంటే 21 శాతం కూడా కాదు. 2022 అడ్వాన్స్‌డ్‌లో 360కి 55 మార్కులు తెచ్చుకున్నవాళ్లు కామన్ ర్యాంకు జాబితాలోకి వచ్చారు. 2024లో అదే గీత 109 దగ్గర ఉంది. అడ్వాన్స్‌డ్ సంగతి వేరని ఒప్పుకోవాలి. ఒకటికన్నా ఎక్కువ సరైన జవాబులుండే ప్రశ్నలు, తప్పు చేస్తే మైనస్ 2, రెండు మూడు పాఠాలు కలిసిపోయి వచ్చే లెక్కలు. వాటిలో కొన్ని నిజంగానే కష్టం, వాటిని అలా ఉండాలనే తయారుచేస్తారు. కానీ ఇదే అంకెలు ఇంకో సంగతి కూడా చెబుతున్నాయి. ఆ పేపరులో మూడింట రెండొంతులు వదిలేసినా ర్యాంకు వస్తుంది. అంటే ఆ పరీక్ష కోరుతున్నది అన్నీ చెయ్యగల పిల్లవాణ్ని కాదు, తనకు వచ్చినవి ఏరుకుని తప్పు లేకుండా చేసి, రానివి ధైర్యంగా వదిలేసే పిల్లవాణ్ని. ఏడేళ్లపాటు ‘ఒక్క మార్కు పోయినా ఊరుకోం’ అనే వాతావరణంలో పెరిగిన పిల్లలకు ఆ వదిలేయడమే చేతకాదు. ఒక ప్రశ్న దగ్గర పన్నెండు నిమిషాలు కూర్చుండిపోతారు.

పర్సెంటైల్ గురించి ఇంట్లో జరిగే గొడవలకు కూడా ఇక్కడే మూలం ఉంది. 2025లో అడ్వాన్స్‌డ్‌కు జనరల్ కటాఫ్ 93.10 పర్సెంటైల్. పిల్లకు 90 పర్సెంటైల్ వస్తే ‘నూటికి తొంభై వచ్చింది, ఇంకో మూడు మార్కులు తెచ్చుకోలేకపోయావా’ అని నిలదీసేవాళ్లున్నారు. పర్సెంటైల్ మార్కు కాదు. రాసిన ప్రతి వందమందిలో తొంభై మంది ఆమెకు సమానంగానో వెనకో ఉన్నారని దాని అర్థం. దాదాపు 15 లక్షల మంది రాసే పరీక్షలో అది చిన్న విషయం కాదు. ఆ తర్వాత లెక్క ఇంకా కఠినం: 2025లో అడ్వాన్స్‌డ్ రాసింది 1,80,422 మంది, అర్హత పొందింది 54,378 మంది, ఐఐటీ సీట్లు సుమారు 18 వేలు. ప్రశ్నపత్రం ఎంత తేలిగ్గా ఇచ్చినా ఆ సీట్లు పెరగవు. సీట్ల కొరతను గణితం కష్టంగా చూపించి, ఆ కష్టానికి మందు ఉందని అమ్మడమే ఫౌండేషన్ వ్యాపారం.

ఆ వ్యాపారం ఎలా నడుస్తుందో తల్లిదండ్రులు కాస్త దగ్గరగా చూడాలి. ఆరు, ఏడు తరగతుల ఫౌండేషన్ మెటీరియల్‌లో త్రికోణమితి సూత్రాలు, సంవర్గమానాలు కనిపిస్తాయి. భిన్నాల కూడిక ఎందుకలా చేస్తామో చెప్పలేని పిల్లవాడు సూత్రంలో అంకెలు వేసి జవాబు రాబడతాడు, ప్రోగ్రెస్ రిపోర్టులో ర్యాంకు వస్తుంది, ఇంట్లో అందరూ సంతోషిస్తారు. ఇంటర్‌లోకి వచ్చాక వాడికి బీజగణితంలో గుర్తులు తారుమారవుతుంటే లోపం ఎక్కడుందో ఎవరికీ తెలియదు. అప్పటికి ఐదేళ్ల ఫీజులు కట్టేసి ఉంటారు. తర్వాత ఇంటర్ హాస్టల్ ఫీజు, ఆ పైన ఆశించిన ర్యాంకు రాకపోతే మళ్లీ ఏడాది లాంగ్‌టర్మ్ కోచింగ్. ఒక చోట ఆపితే ఇప్పటిదాకా పెట్టిందంతా వృథా అనిపించి, అప్పు చేసైనా ఇంకో ఏడాది కడతారు. పెట్టిన డబ్బు తిరిగి రాదు కాబట్టి ఇంకొంచెం పెట్టాలనడం పిల్లవాడి భవిష్యత్తు గురించి తీసుకున్న నిర్ణయం కాదు. దాని బరువు మొత్తం పడేది మాత్రం వాడి మీదే.

హోర్డింగుల మీద ఫొటోలు చూపించి ‘మరి టాపర్లంతా అక్కడినుంచే కదా’ అంటారు. లెక్కల్లో ముందున్న పిల్లల్ని పరీక్ష పెట్టి వెతికి, ఫీజు తగ్గించి, మంచి లెక్చరర్లున్న సెక్షన్‌లో కూర్చోబెట్టినప్పుడు ర్యాంకులు రాకపోతే ఆశ్చర్యపోవాలి. అదే భవనంలో కింది సెక్షన్లలో కూర్చున్న వందల మంది పూర్తి ఫీజు కడుతున్నారు, వాళ్ల ఫలితాలు ఎక్కడా అచ్చుకావు. కాలేజీని ఎంచుకునేముందు అడగాల్సింది మొదటి ర్యాంకు ఎవరిదని కాదు, చివరి సెక్షన్‌కు లెక్కలు చెప్పేది ఎవరని. మార్కులను బట్టి పిల్లల్ని బ్యాచ్‌లుగా విడదీయడం, అందరి ముందూ అవమానించడం, శక్తికి మించిన లక్ష్యాలు పెట్టడం వీలైనంతవరకూ మానాలని సుప్రీంకోర్టు 2025 జులైలో విద్యాసంస్థలకు మార్గదర్శకాలిచ్చింది. విశాఖపట్నంలో పోటీ పరీక్షకు చదువుతున్న ఒక విద్యార్థిని మరణం మీద వచ్చిన కేసులో ఇచ్చిన తీర్పది. పదహారేళ్లు నిండని పిల్లల్ని కోచింగ్ సెంటర్లలో చేర్చుకోవద్దని కేంద్ర విద్యాశాఖ 2024 జనవరిలోనే మార్గదర్శకాలు జారీ చేసింది. స్కూలు పేరుతో, స్కూలు టైంటేబుల్‌లోనే కోచింగ్ నడిపితే ఆ మాట ఎవరికీ వర్తించనట్టే అయిపోతోంది. దీన్ని ఒప్పుకునే హక్కు తల్లిదండ్రులకు కూడా లేదు.

అలాగని ముందునుంచీ ఏమీ చెయ్యొద్దని కాదు. పది దాకా చెయ్యాల్సింది చాలా ఉంది, అది ఖర్చులేనిది. భిన్నాలు, నిష్పత్తులు, శాతాలు, బీజగణిత విస్తరణలు, రేఖాగణిత నిరూపణలు, ఇవి స్కూలు పుస్తకంలోని ప్రతి అభ్యాసంతో సహా పూర్తి కావాలి. జవాబు చూడకుండా ఒక లెక్కతో అరగంట కుస్తీ పట్టే ఓపిక ఆ వయసులో వస్తే, ఇంటర్‌లో దానికి మించిన ఆస్తి లేదు. ఇంటర్‌లో పాఠం అయిన వెంటనే అకాడమీ పుస్తకం, తర్వాత పాత జేఈఈ మెయిన్ ప్రశ్నలు. జేఈఈ మెయిన్ నిర్వహించే ఎన్‌టీఏ వెబ్‌సైట్‌లో పాత పేపర్లు, మాక్ టెస్టులు ఉచితం. ఐఐటీ కాన్పూర్‌తో కలిసి కేంద్రం 2023లో మొదలుపెట్టిన ‘సాథీ’ వేదికలో పాఠాలు కూడా ఉచితమే. ఈఏపీసెట్‌లో తప్పు జవాబుకు మైనస్ లేదు కాబట్టి ఒక్క ప్రశ్న కూడా ఖాళీగా వదలకూడదు. ఆంధ్రప్రదేశ్‌లో ర్యాంకుకు ఇంటర్ మార్కుల వెయిటేజీ 25 శాతం ఉంది కాబట్టి బోర్డు పరీక్షను చిన్నచూపు చూడకూడదు.

వేగం లేకపోయినా గణితం ఇష్టపడే పిల్లలు చాలామంది ఉన్నారు. వాళ్లను లాంగ్‌టర్మ్‌కు పంపడం కన్నా ఐఎస్ఐ, చెన్నై మ్యాథమెటికల్ ఇన్‌స్టిట్యూట్, తిరుపతి ఐసర్ వైపు నడిపించడం నా దృష్టిలో ఎంతో మేలు. ఐసర్ ప్రవేశ పరీక్షలో 180 నిమిషాలకు 60 ప్రశ్నలే. చేతిపని మీద ఆసక్తి ఉన్నవాళ్లకు పాలిసెట్ రాసి మూడేళ్ల డిప్లొమా, ఆ పైన ఈసెట్‌తో బీటెక్ రెండో ఏడాదిలో చేరే దారి ఉంది. దాన్ని ‘తక్కువ’ దారిగా చూడటం మన ఇళ్లలోని దురలవాటు. పదో తరగతి మార్కులతోనే బాసర, నూజివీడు, ఇడుపులపాయ, ఒంగోలు, శ్రీకాకుళం ట్రిపుల్ ఐటీల్లో సీటు వస్తుంది; పల్లె పిల్లలకు నేను మొదట చెప్పేది ఇదే.

ఫౌండేషన్ సీటుకు అడ్వాన్సు కట్టేముందు ఒక పని చెయ్యండి. పోయినేడాది జేఈఈ మెయిన్ లెక్కల పేపర్ డౌన్‌లోడ్ చేసి, మీ ఊళ్లో హైస్కూలు లెక్కల మాస్టారి దగ్గరికో, జూనియర్ కాలేజీ లెక్చరర్ దగ్గరికో తీసుకెళ్లండి. ఇందులో ఏ ప్రశ్నకు ఆరో తరగతి నుంచి కోచింగ్ అవసరమో చూపించమని అడగండి. ఆయన చూపించలేకపోతే ఆ డబ్బు బ్యాంకులో వేసి, పిల్లవాణ్ని సాయంత్రం ఆడుకోనివ్వండి.