అడవినాభి: గుర్తించుట, పెంచుట

వర్షాకాలం ముదిరిన తరువాత మన మెట్ట ప్రాంతపు కంచెల మీద నిప్పుకణికల వంటి పూలతో ఒక తీగ కనబడుతుంది. దీనిని అడవినాభి అనీ, పొత్తిదుంప అనీ అంటారు. సంస్కృతంలో లాంగలి, అగ్నిశిఖ, కలిహారి. తమిళనాడుకు ఇది రాష్ట్ర పుష్పం. పూల అందం చూచి పెరటిలో నాటుకొనేవారు మనలోనూ ఉన్నారు. నాటుకొనవచ్చును. అయితే ఆయుర్వేదం దీనిని ఉపవిషాలలో చేర్చినదనీ, వేరు మొదలు గింజ వరకు ఇందులో విషం కాని భాగం లేదనీ ముందుగా తెలిసియుండవలెను.

కొంతకాలం క్రితం హనుమాన్ జంక్షన్‌లో మా వైద్యశాలకు ఒక గృహిణి ఎండు దుంపను కాగితంలో చుట్టి తెచ్చారు. మోకాళ్ళ నొప్పికి నూనెలో కాచి రాసుకొమ్మని ఎవరో చెప్పగా ‘నాభి’ అని అడిగి కొన్నారట. ఏ నాభి? ఆమెకు తెలియదు, అమ్మినవారికీ తెలియదు. వత్సనాభి, అనగా మనవారు వసనాభి అనేది, హిమాలయాల ఎత్తయిన పచ్చికబయళ్ళలో పెరిగే బహువార్షికం. శీతల దేశాల తోటలలోని అనిమోనీ పూల కుటుంబానిది. మన డెల్టా వేడిలో అది బ్రతకదు. అడవినాభి కుటుంబమే వేరు, విషమూ వేరు. వత్సనాభి గుండె లయను చెడగొట్టి గంటలలో ప్రాణం తీయగలదు. అడవినాభిలోని కోల్చిసిన్ కొన్ని గంటలు ఏమీ తెలియనీయక, పిమ్మట వాంతులు, నీళ్ళ విరేచనాలతో బయటపడి, మూత్రపిండాలను, ఎముకలలోని మూలుగను దెబ్బతీస్తుంది. ఆమె తెచ్చినది వత్సనాభి. నలుపు తిరిగి, ఒకే కొనగా సన్నగిల్లిన దుంప.

అడవినాభి దుంప అట్లుండదు. రెండు కొమ్ములుగా వంగి నాగలిని పోలియుంటుంది, లాంగలమనగా నాగలి. ఆకును చూస్తే సందేహం మిగలదు. ఆకు కొన సన్నని నులితీగగా సాగి, దొరికిన ఆధారాన్ని చుట్టుకొంటుంది. పెండలపు తీగకు ఈ లక్షణం లేదు. దాని ఆకు హృదయాకారం, తీగ తానే మెలిక తిరుగుతుంది. పువ్వుకు అలలు తీరిన అంచులతో ఆరు రేకులు వెనుకకు విరిచినట్లుంటాయి. మొదట ఆకుపచ్చన, పిదప పసుపు, చివరకు ఎరుపు. మా గురువుగారు ఆరు ఋతువులలోనూ చూడనిదే ఏ మొక్కనూ మా చేత త్రవ్వనిచ్చేవారు కారు. అప్పుడది చాదస్తమనిపించేది.

తొలకరికి, అనగా జూన్ నెలలో, దుంపను రెండు మూడు అంగుళాల లోతున నాటవలెను. మొలక కొమ్ము చివరనే ఉంటుంది. అది విరిగినచో ఆ కొమ్ము మొలవదు. గుడివాడ వైపు నల్లరేగడిలో నీరు నిలిచి దుంప కుళ్ళుతుంది. నూజివీడు వైపు ఎర్రమట్టిలో ఇసుక కలుపుకొనుట మేలు. చేతులకు తొడుగులు వేసుకొనవలెను. పసిపిల్లలు, పశువులు ఉన్న ఇంట దీనిని పెంచవద్దనే నా మాట.

పూలు ముగిసిన తరువాత తీగ ఎండి మాయమవుతుంది. దుంప మాత్రం మరుసటి వానల వరకు భూమిలో నిద్రిస్తుంది. ప్రమాదమంతా ఈ నెలలలోనే. నాటినవారు మరచిపోతారు, వేరొకరు త్రవ్వి చిలగడదుంపనో పెండలమనో వండుకొంటారు. కనుక ఆ చోట చెరగని రంగుతో ‘విషం, అడవినాభి’ అని వ్రాసిన రేకును పాతవలెను. ఉత్త ‘నాభి’ అని వ్రాయరాదు.

గోమూత్రంలో శోధించి కొన్ని ఔషధాలలో దీనిని వాడుట శాస్త్రంలో ఉన్నది. అది వైద్యుని పని, వంటింటి పని కాదు. ప్రభుత్వ ఔషధ నియమాలలోనూ లాంగలి, వత్సనాభి రెండూ విషద్రవ్యాల పట్టికలో ఉన్నవి. గర్భపాతిని అని దీనికి మరొక పేరు, గర్భిణులు దరిచేరరాదు.

ఎవరైనా తిన్నట్లు అనుమానం కలిగినచో, బాగానే ఉన్నారు కదా అని వేచియుండరాదు. మజ్జిగ, నిమ్మరసం అంటూ కాలయాపన చేయక, మిగిలిన దుంప ముక్కను వెంట తీసుకొని తక్షణం పెద్ద ఆసుపత్రికి చేర్చవలెను.