సినిమా ప్రకటనలోని చిన్న అక్షరము

నల్లగొండ, సూర్యాపేట ప్రాంతముల నుండి విజయవాడ రహదారిపై హైదరాబాదునకు వచ్చువారు ఎల్.బి. నగర్ కూడలి చేరి, అచ్చటినుండి దిల్‌సుఖ్‌నగర్ వైపు సాగుదురు. 2018 సెప్టెంబరు నుండి ఈ దారిలో మెట్రో రైలు కూడ నడచుచున్నది. బట్టలు కొనుటకు పిల్లలతో వచ్చిన కుటుంబము గోడపత్రికను చూచి సినిమాకు పోవుట సహజము. ఆ పత్రికపై కథానాయకుని బొమ్మ నిలువెత్తుగ నుండును. చిత్రము ఎవరికి తగినదో తెలుపు అక్షరమును మాత్రము వెదకి చూడవలెను.

ఆ అక్షరముల అర్థమేమి? 1952 సినిమాటోగ్రాఫు చట్టము క్రింద తొలుత ‘యు’, ‘ఎ’ అను రెండు తరగతులే ఉండెను. 1983లో ‘యు/ఎ’, ‘ఎస్’ చేరినవి. ‘యు’ అందరికిని తగినది. ‘ఎ’ 18 ఏండ్లు నిండినవారికే. ‘ఎస్’ వైద్యులవంటి ప్రత్యేక వర్గములకు. 2023 సవరణ చట్టముతో ‘యు/ఎ’ తరగతి 7, 13, 16 ఏండ్లను బట్టి మూడు విధములైనది.

ఇచ్చట ఒక ముఖ్య భేదము గలదు. ‘ఎ’ చిత్రమునకు బాలబాలికలను అనుమతించుట చట్టరీత్యా నేరము. ‘యు/ఎ’ ప్రక్కనున్న అంకె తల్లిదండ్రుల మార్గదర్శనమునకు మాత్రమే. పదేండ్ల బాలునితో ‘యు/ఎ 16’ చిత్రమునకు వచ్చిన తండ్రిని ద్వారముకడ ఎవరును ఆపజాలరు. నిర్ణయము పూర్తిగ అతనిదే. నిర్ణయించువానికి విషయము ముందే తెలియవలదా?

‘యు’ కాని చిత్రముల తరగతిని వార్తాపత్రికలలో, గోడపత్రికలలో, కరపత్రములలో సూచింపవలెనని 1983 నాటి నియమావళియే విధించినది. అయితే సూచించుట వేరు, తెలియజెప్పుట వేరు. తెరపై తొలుత కనబడు ధ్రువపత్రములో తరగతి గుర్తు హిందీ, ఇంగ్లీషు అక్షరములలో నుండును. అప్పటికే టిక్కెట్టు కొనుట, కూర్చుండుట ముగిసియుండును. “16 ఏండ్లలోపు పిల్లల విషయమున పెద్దల విచక్షణ అవసరము” అని గోడపత్రికపై స్పష్టమైన తెలుగులో ముద్రించినచో, ఇంగ్లీషు రాని తల్లికిని వెంటనే బోధపడును.

అంతవరకు తల్లిదండ్రులు చేయదగిన పనులు కొన్ని గలవు. టిక్కెట్టు కొనకముందే కిటికీకడ “ఇది ఏ తరగతి చిత్రము? అంకె ఎంత?” అని అడుగుడు. ఒక్క పాటను చూచి చిత్రమంతయు అట్లే యుండునని తలపకుడు. ఆ అంకె చిత్రము మంచిచెడ్డలకు కొలత కాదనియు, పిల్లల వయస్సునకు సంబంధించినదనియు గుర్తుంచుకొనుడు. ఒక్క ప్రశ్నకు ఖర్చేమియు లేదు. పసిమనస్సులో నాటిన భయము తీరుటకు మాత్రము ఎన్నియో రాత్రులు పట్టును.