చెట్టు ముందా, విత్తు ముందా: 'వీ యూ' లెక్క

పోయిన సెమిస్టర్‌లో మెఫా సెమినార్‌కి మా క్లాసులో అందరూ పెట్రోలు ధర, ఉల్లిపాయల గిరాకీ లాంటివి తీసుకున్నారు. నేను మాత్రం ఆటల పిచ్చి కొద్దీ నింటెండో వాళ్ళ 'వీ యూ' తీసుకున్నా. 2012 నవంబరులో వచ్చిన ఈ కన్సోల్ మొత్తం మీద అమ్ముడైంది సుమారు 1 కోటి 35 లక్షలు. దాని ముందుది, ఉత్త 'వీ', 10 కోట్లు దాటింది. ఎందుకిలా? నా మొదటి స్లైడ్‌లో గర్వంగా రాసుకున్నా: "ప్రాసెసర్ బలహీనం. అందుకే బయటి కంపెనీలు ఆటలు ఇవ్వలేదు. అందుకే అమ్ముడుపోలేదు."

మేడమ్ ఒక్కటే ప్రశ్న వేశారు. "మరి ఆ పాత 'వీ' కూడా పోటీవాళ్ళ కన్నా బలహీనమేగా? అదెలా అమ్ముడైంది?" నోరు పెగల్లేదు. వచ్చే వారం మళ్ళీ రమ్మన్నారు. ఆ వారంలో నాకు బోధపడిందే ఇక్కడ రాస్తున్నా.

థర్డ్ పార్టీ అంటే కన్సోల్ తయారుచేసిన కంపెనీ కాకుండా, దానికి ఆటలిచ్చే బయటివాళ్ళు. ఒక సినిమా హాలు ఓనరే నిర్మాత కూడా అనుకోండి. సొంత సినిమాలు వేసుకుంటాడు, బయటి నిర్మాతల సినిమాలు కూడా వేసి అందులో వాటా తీసుకుంటాడు. జనం రాకపోతే బయటి నిర్మాత సినిమా ఇవ్వడు. సినిమాల్లేకపోతే జనం రారు. చెట్టు ముందా విత్తు ముందా అన్న తగువే.

ఇక మనం పరీక్షల ముందు బట్టీ పట్టే బ్రేక్ ఈవెన్ ఇక్కడ నిజంగా పనికొస్తుంది. ఉదాహరణకి అనుకుందాం: ఒక ఆటని కొత్త కన్సోల్‌కి మార్చడానికి 5 కోట్ల రూపాయల ఖర్చు, కాపీకి కంపెనీకి మిగిలేది 1,000 రూపాయలు. అంటే 50,000 కాపీలు అమ్మితే గాని అసలు రాదు. 2013 జూన్ చివరికి 'వీ యూ' ఉన్నవాళ్ళు సుమారు 36 లక్షలు. ప్రతి 72 మందిలో ఒకడు కొనాలి. అప్పటికి ప్లేస్టేషన్ 3, ఎక్స్‌బాక్స్ 360 ఒక్కొక్కటీ 7 కోట్లు దాటేశాయి. అక్కడ 1,400 మందిలో ఒకడు కొన్నా చాలు. ప్రాసెసర్ తేడా వల్ల ఆ 5 కోట్లు 6 కావచ్చు, కాదనను. కానీ అసలు దెబ్బ కింద ఉన్న హారంలో ఉంది.

పైగా ఆ ఒక్కడైనా ఎందుకు కొనాలి? మాస్ ఎఫెక్ట్ మూడో భాగం ఒక్కటీ 'వీ యూ'లో ఎంతకి అమ్మారో, దాదాపు అదే సమయంలో పక్క కన్సోళ్ళలో మూడు భాగాలూ కలిపి అంతకే ఇచ్చారు. నేనైనా పక్కకే పోతా! తర్వాత "ఇక్కడ మా ఆటలు కొనేవాళ్ళు లేరు" అనుకోవడం తేలిక. ఫిఫా 13 వచ్చింది, ఫిఫా 14 రాలేదు. రేమన్ లెజెండ్స్‌ని మొదట 'వీ యూ'కి మాత్రమే అన్నారు. 2013 ఫిబ్రవరిలో, విడుదలకి మూడు వారాలు కూడా లేదనగా, మిగతా కన్సోళ్ళతో కలిపి సెప్టెంబరులో ఇస్తామని వాయిదా వేశారు. ఆట దాదాపు తయారయ్యాక కూడా ఆపారంటే కారణం ప్రాసెసరా చెప్పండి?

టెక్నాలజీ ఎప్పుడూ సాకేనని మాత్రం అనను. అంతకు ముందు నింటెండో 64 కార్ట్రిడ్జ్‌లకే కట్టుబడి ఉంది. 1997లో ఫైనల్ ఫాంటసీ 7 మూడు సీడీల మీద ప్లేస్టేషన్‌కి వెళ్ళింది. అంత సరుకు కార్ట్రిడ్జ్‌లో పట్టదు. అక్కడ ముందు తప్పింది యంత్రమే.

రెండోసారి వెళ్ళినప్పుడు స్విచ్‌ని సాక్ష్యంగా పెట్టా. 2017లో వచ్చిన స్విచ్ ప్లేస్టేషన్ 4 కన్నా బలహీనం. అయినా డూమ్, స్కైరిమ్ ఆ ఏడాదే వచ్చాయి, 2019లో విచర్ 3 కూడా. బొమ్మ నాణ్యత తగ్గించి మరీ దింపారు. జనం ఉంటే ఇంజనీర్లు దారి వెతుకుతారన్నమాట. మారియో కార్ట్ 8 'వీ యూ'లో 84 లక్షలు అమ్ముడైంది, అంటే ఉన్నవాళ్ళలో పదికి ఆరుగురు. దాదాపు అదే ఆట స్విచ్‌లో 6 కోట్లు దాటింది.

మేడమ్ తలూపి, "సరే, స్విచ్‌కి మొదటి జనం ఎక్కణ్ణుంచి వచ్చారు?" అన్నారు. ఈసారి జవాబు ఉంది. సొంత సినిమాలు! మార్చిలో జెల్డా, ఏప్రిల్‌లో మారియో కార్ట్, జూలైలో స్ప్లాటూన్ 2, అక్టోబరులో మారియో ఒడిస్సీ. హాలు ఒక్క నెలా ఎక్కువసేపు ఖాళీగా లేదు. 'వీ యూ' విషయంలో 2013 జనవరి, ఫిబ్రవరుల్లో సొంత ఆటలు లేనందుకు నింటెండో అధ్యక్షుడు ఇవాటా స్వయంగా క్షమాపణ చెప్పుకున్నారు. బయటివాళ్ళు లెక్కలు చూసుకున్నది సరిగ్గా ఆ నెలల్లోనే.