మాస్టర్ నేచురలిస్ట్ కావడం ఎలా? టెక్సస్ తెలుగువారికి ఓ దారి

ప్లానోలోనో ఫ్రిస్కోలోనో ఇల్లు కొనుక్కున్న తెలుగువారికి ఫౌండేషన్ బెంగ కొత్త కాదు. ఎండాకాలంలో పునాది చుట్టూ నీళ్లు పెట్టకపోతే నేల కుంచించుకుపోయి గోడలు బీటలు వారతాయి. తడిస్తే ఉబ్బి, ఎండితే నెర్రెలిచ్చే నల్లరేగడి అది. గుంటూరు, ఆదిలాబాద్ పత్తి రైతులకు బాగా తెలిసిన నేల. ఇక్కడా ఒకప్పుడు పత్తే పండింది. అంతకుముందు ఇదంతా మనిషి మునిగేంత గడ్డి పెరిగిన మైదానం. దాని పేరు బ్లాక్‌ల్యాండ్ ప్రెయిరీ. ఇప్పుడు అందులో ఒక్క శాతం కూడా మిగల్లేదు.

మిగిలిన ఆ కాస్తను కాపాడే పనిలో జీతానికి పనిచేసేవాళ్లు కొద్దిమందే. విత్తనాలు ఏరేది, కలుపు చెట్లు నరికేది, వాగు నీళ్లు పరీక్షించేది, బడిపిల్లలకు పిట్టలను చూపించేది చాలావరకు వాలంటీర్లే. వాళ్లకు పద్ధతిగా శిక్షణ ఇచ్చి సర్టిఫికెట్ ఇచ్చే కార్యక్రమమే ‘టెక్సస్ మాస్టర్ నేచురలిస్ట్’. రాష్ట్ర పార్కుల, వన్యప్రాణుల శాఖ, టెక్సస్ ఏ అండ్ ఎం వారి అగ్రిలైఫ్ ఎక్స్‌టెన్షన్ కలిసి దీన్ని నడుపుతాయి. 1997లో శాన్ ఆంటోనియోలో మొదలై, మరుసటి ఏడాది రాష్ట్రమంతటికీ పాకింది. ఇప్పుడు 40కి పైగా చాప్టర్లున్నాయి.

చేరడానికి జీవశాస్త్రంలో డిగ్రీ అక్కర్లేదు. ఐటీ ఉద్యోగులు, రిటైరైన టీచర్లు, పిల్లలు కాలేజీకి వెళ్లాక కాస్త తీరిక చిక్కిన తల్లులు, ఎవరైనా రావచ్చు. లెక్క కూడా తేలికే: 40 గంటల శిక్షణ, 40 గంటల సేవ, 8 గంటల అదనపు శిక్షణ. సుమారు ఏడాదిలో అయిపోతుంది. మెట్టు మెట్టుగా చూద్దాం.

1. చాప్టర్ ఎంచుకోండి

మీరుండే కౌంటీని బట్టి చాప్టర్ ఉంటుంది. ప్లానో, మెకిన్నీ వైపు వారికి బ్లాక్‌ల్యాండ్ ప్రెయిరీ చాప్టర్, డెంటన్ వైపు ఎల్మ్ ఫోర్క్, డాలస్‌లో నార్త్ టెక్సస్. ఆస్టిన్ వారికి క్యాపిటల్ ఏరియా, రౌండ్ రాక్ వైపు గుడ్ వాటర్, హ్యూస్టన్‌లో గల్ఫ్ కోస్ట్. దూరం చూసి ఎంచుకోండి. సేవ చేసే చోటు ఇంటికి దగ్గరగా ఉంటేనే ఏళ్ల తరబడి వెళ్లగలరు. దరఖాస్తుకు ముందు చాప్టర్ నెలవారీ సమావేశానికి ఒకసారి వెళ్లి రండి. మనుషులూ పరిచయమవుతారు, పని తీరూ తెలుస్తుంది.

2. దరఖాస్తు పెట్టండి

తరగతులు ఏడాది పొడవునా ఉండవు. చాలా చాప్టర్లు వసంతంలోనో, ఆకురాలు కాలంలోనో ఒక బ్యాచ్ నడుపుతాయి. సీట్లు పరిమితం కాబట్టి ప్రకటన రాగానే పెట్టేయాలి. ఫీజు చాప్టర్‌ని బట్టి మారుతుంది. పిల్లలతో పనిచేసే సందర్భాలుంటాయి కాబట్టి బ్యాక్‌గ్రౌండ్ చెక్ తప్పనిసరి. ఎందుకు చేరాలనుకుంటున్నారని అడిగితే ఉన్నదున్నట్టు రాయండి. ‘పిట్టల పేర్లు తెలియవు, నేర్చుకోవాలనుంది’ అన్నది మంచి జవాబే.

3. 40 గంటల పాఠాలు

రాష్ట్రమంతటికీ ఒకే పాఠ్యప్రణాళిక ఉంది. భూగర్భం, వాతావరణం, గడ్డి మైదానాలు, అడవులు, చెరువులు, వాగులు, పక్షులు, పురుగులు, పాములు, కప్పలు, జంతువులు, అన్నీ ఒక్కో పాఠంగా వస్తాయి. చెప్పేవాళ్లు విశ్వవిద్యాలయాల ఆచార్యులు, పార్కు జీవశాస్త్రవేత్తలు, ఏళ్లుగా పనిచేస్తున్న వాలంటీర్లు. తరగతి గది పాఠం సగమే. మిగతాది నేల మీద.

క్షేత్ర పర్యటనకు నిండు చేతుల చొక్కా, పొడవాటి ప్యాంటు, మడమలు కప్పే బూట్లు వేసుకోండి. ఒంటికి పట్టే టిక్స్, కంటికి కనిపించకుండా కుట్టే చిగర్స్ ఇక్కడ సామాన్యం. మొదటి రోజే గుర్తుపట్టాల్సిన మొక్క పాయిజన్ ఐవీ: ఒక్కో కాడకు మూడేసి ఆకులు, తాకితే రోజుల తరబడి దురద. తర్వాత గడ్డి. బిగ్ బ్లూస్టెమ్, లిటిల్ బ్లూస్టెమ్, ఇండియన్ గ్రాస్, స్విచ్ గ్రాస్, ఈ నాలుగూ పొడవు గడ్డి మైదానానికి మూలస్తంభాలు. వీటి వేళ్లు పైకి కనిపించే గడ్డి కంటే లోతుకు పోతాయి. అందుకే కరువులోనూ, నిప్పంటుకున్నాకా మళ్లీ చిగురిస్తాయి. 

4. చూసింది చూసినట్టు రాయడం

ఈ శిక్షణంతటికీ గుండెకాయ ఇదే. ఐనాచురలిస్ట్ అనే ఉచిత యాప్‌లో ఫోటో, తేదీ, చోటు నమోదు చేస్తారు. పేరు సరైనదేనని ఇతరులూ ఒప్పుకుంటే ఆ నమోదు పరిశోధనకు పనికొస్తుంది.

ఏప్రిల్‌లో రోడ్డు పక్క గడ్డిలో లేత ఆకుపచ్చ పూలగుత్తులతో గ్రీన్ మిల్క్‌వీడ్ కనిపిస్తుంది. ఆకు తుంచితే పాలు కారతాయి. మన జిల్లేడుకు ఇది చుట్టమే. మోనార్క్ సీతాకోకచిలుకలు మెక్సికో నుంచి తిరిగొస్తూ దీని మీదే గుడ్లు పెడతాయి. మన పొలాల గట్ల మీద జిల్లేడుపై గుడ్లు పెట్టే నారింజ రంగు ప్లెయిన్ టైగర్ కూడా మోనార్క్ కుటుంబానిదే. ఆకును మెల్లగా తిప్పి అడుగున చూడండి. ఆవగింజ కంటే చిన్నగా, మీగడ రంగులో, నిలువు గీతలతో గుడ్డు ఉంటుంది. చాలాసార్లు ఆకుకు ఒక్కటే.

ఫోటో ఒకటి చాలదు. మొక్క మొత్తం ఒకటి, ఆకు పైభాగం ఒకటి, అడుగు ఒకటి, కాండానికి ఆకులు ఎలా అతుక్కున్నాయో ఒకటి, పువ్వు దగ్గరగా ఒకటి తీయండి. జాతి తెలియకపోతే ఊహించి రాయొద్దు. ‘ఏదో సీతాకోకచిలుక’ అన్న నిజమైన నమోదు, తప్పు పేరుతో ఉన్న గొప్ప నమోదు కంటే విలువైనది.

5. 40 గంటల సేవ

చాప్టర్ ఆమోదించిన పనులే లెక్కలోకి వస్తాయి. మీ పెరట్లో మొక్కలు నాటుకుంటే రాదు, పార్కులో స్థానిక మొక్కలు నాటితే వస్తుంది. మెకిన్నీలోని హర్డ్ మ్యూజియంకు 289 ఎకరాల అభయారణ్యం ఉంది. అలాంటి చోట్ల దారులు బాగుచేయడం, బడిపిల్లలను తిప్పి చూపించడం, వాగుల వెంట అల్లుకుపోయిన చైనీస్ ప్రివెట్ అనే కలుపు పొదలు నరకడం ఉంటాయి.

నీటి పరీక్ష ఇష్టమైతే టెక్సస్ స్ట్రీమ్ టీమ్ శిక్షణ తీసుకోండి. నీళ్లలో కరిగిన ఆక్సిజన్ కొలిచే తీరు చూడండి. సీసాను బుడగ లేకుండా నీటితో నింపాలి. ఒక్క బుడగ మిగిలినా లెక్క తప్పుతుంది. మాంగనస్ సల్ఫేట్, తర్వాత ఆల్కలైన్ అయొడైడ్ చుక్కలు వేసి తిప్పితే గోధుమరంగు మడ్డి దిగుతుంది. సల్ఫ్యూరిక్ ఆమ్లం వేయగానే మడ్డి కరిగి నీళ్లు తేనె రంగుకు వస్తాయి. కొలిచిన నీటిలో సోడియం థయోసల్ఫేట్ చుక్కచుక్కగా వదులుతూ లేత పసుపు దాకా తెచ్చి స్టార్చ్ ద్రావణం వేస్తే ముదురు నీలం అవుతుంది. మళ్లీ చుక్కచుక్కగా వదలాలి. నీలం పూర్తిగా పోయిన క్షణంలో ఆగి అంకె చదవాలి. పరీక్ష రెండుసార్లు చేసి, రెండు అంకెలూ దగ్గరగా వచ్చాకే రాయాలి. ఆగస్టు ఎండలకు వేడెక్కిన నీళ్లలో ఆక్సిజన్ తక్కువ నిలుస్తుంది. చేపలకు ఊపిరాడని రోజు ముందుగా తెలిసేది ఇలాంటి అంకెల వల్లే.

6. 8 గంటల అదనపు శిక్షణ

మీకు నచ్చిన ఒక విషయంలో లోతుగా దిగడానికి ఇది. గబ్బిలాలు, తూనీగలు, గద్దల వలస, విత్తన సేకరణ, ఏదైనా కావచ్చు. దీనికీ చాప్టర్ ఆమోదం ఉండాలి. 

7. గంటలు నమోదు చేయండి

పని చేసిన రోజే ఆన్‌లైన్‌లో గంటలు నమోదు చేసే అలవాటు చేసుకోండి. నెలాఖరుకు వాయిదా వేస్తే సగం గుర్తుండవు. అన్నీ పూర్తయ్యాక సర్టిఫికెట్, తూనీగ గుర్తున్న పిన్ ఇస్తారు. దాంతో పని అయిపోదు. గుర్తింపు నిలవాలంటే ఏటా 40 గంటల సేవ, 8 గంటల శిక్షణ చేస్తూనే ఉండాలి. రాష్ట్రానికి ఏటా ఈ గంటల లెక్క అందుతుంది. ఎక్కడ ఎంత పని జరిగిందో తెలిసేది దాని నుంచే.

టెక్సస్‌లో లేకపోతే? వర్జీనియా, మిన్నెసోటా, ఫ్లోరిడా, కాలిఫోర్నియాలోనూ ఇలాంటి కార్యక్రమాలున్నాయి. నియమాలు రాష్ట్రానికో తీరు. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఉంటే సర్టిఫికెట్ కోసం ఆగక్కర్లేదు. ఫిబ్రవరిలో ప్రపంచమంతా కలిసి చేసే గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్‌లో కనీసం పదిహేను నిమిషాలు మీ డాబా మీద నిలబడి పిట్టలను లెక్కపెట్టి ఈబర్డ్ యాప్‌లో నమోదు చేయండి. చూసింది చూసినట్టు రాసే పని అక్కడే మొదలవుతుంది.

మన పండుగలకు, గుడులకు, సంఘాలకు ఎన్నో గంటలు ఇస్తున్నాం. మన పిల్లలు పెరుగుతున్న నేలకు వారానికి ఒక గంట ఇస్తే ఏడాదిలో 40 దాటిపోతాయి. ఈసారి మీ చాప్టర్ దరఖాస్తులు తెరవగానే చేరండి. కుదిరితే పక్కింటి తెలుగు కుటుంబాన్నీ వెంట తీసుకెళ్లండి.