ఆవగింజంత నత్తకు పేరెట్లా పెడతారు?

వాన పడితే పొలం గట్టు మీద నత్తలు పాకుతాయి. చెరువు ఒడ్డున ఖాళీ గుల్లలు దొరుకుతాయి. నత్తలు సముద్రంలో కూడా ఉన్నాయి. గుడిలో ఊదే శంఖం సముద్రపు నత్త గుల్లే. పిల్లలు ఆడుకునే గవ్వ కూడా అంతే. కాని సముద్రపు నత్తలన్నీ శంఖమంత ఉండవు. చాలా రకాలు బియ్యపు గింజంత ఉంటాయి. ఆవగింజంత ఉండేవి కూడా ఉన్నాయి.

ఈ చిన్న నత్తల్లో కొన్ని లోతు సముద్రం అడుగున బతుకుతాయి. ఎంత లోతు? ఒక కిలోమీటరు, రెండు కిలోమీటర్లు, ఇంకా ఎక్కువ. అక్కడికి ఎండ పోదు. పగలు కూడా చీకటే. మరి అక్కడి నత్త సంగతి పైనున్న మనుషులకు ఎట్లా తెలుస్తుంది?

ఓడ మీద నుంచి పొడుగాటి తాడుతో ఒక వల సంచిని దింపుతారు. సంచి మూతికి ఇనుప చట్రం ఉంటుంది. ఓడ మెల్లగా కదులుతుంటే ఆ చట్రం సముద్రం అడుగును గీరుతుంది. బురద సంచిలో పడుతుంది. దాన్ని పైకి లాగి, సన్నని జల్లెడల్లో పోసి నీళ్ళతో కడుగుతారు. మిగిలినదాన్ని ఆరబెడతారు. భూతద్దం కింద పరిచి, తడి కుంచె కొనతో ఒక్కొక్క గుల్లనే ఏరుతారు. బియ్యంలో రాళ్ళు ఏరిన చేతులకు ఆ ఓపిక ఎట్లాంటిదో తెలుసు.

అమెరికాలో కేథరిన్ బుష్ అనే ఆమె ఏళ్ళ తరబడి ఈ పని చేసింది. ఆమె 1855లో పుట్టింది. అక్కడి సముద్రంలో చేపలు తగ్గిపోతున్నాయని 1871లో ప్రభుత్వం ఒక చేపల శాఖను పెట్టింది. ఆ శాఖ ఓడలు సముద్రం అడుగు నుంచి చేపలనే కాదు, గుల్లలను కూడా తెచ్చాయి. అవి యేల్ విశ్వవిద్యాలయంలోని పీబాడీ మ్యూజియానికి చేరేవి. కేథరిన్ 1879లో అక్కడ సహాయకురాలిగా చేరింది. అప్పటికి ఆ విశ్వవిద్యాలయం ఆడవాళ్ళకు పిహెచ్.డి. పట్టా ఇచ్చేది కాదు. ఆమె గుల్లలు చూస్తూ, కొలుస్తూ, రాస్తూ పోయింది. 1897లో చిన్న సముద్రపు నత్తల మీద ఒక పెద్ద వ్యాసం రాసింది. 1901లో, నలభై అయిదేళ్ళ వయసులో, పిహెచ్.డి. పట్టా తీసుకుంది. జంతుశాస్త్రంలో ఆ పట్టాను యేల్‌లో తీసుకున్న మొదటి స్త్రీ ఆమే.

గుల్లను చూసి ఏం రాస్తారు? ముందు ఎత్తు, వెడల్పు కొలుస్తారు. కొలత మిల్లీమీటర్లలో ఉంటుంది. తరువాత ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెడతారు. మూతి గుండ్రంగా ఉందా, కోలగా ఉందా చూస్తారు. పైన గీతలు ఉన్నాయా, నున్నగా ఉందా చూస్తారు. కొన్ని గుల్లలకు అడుగున చిన్న గుంట ఉంటుంది. శాస్త్రవేత్తలు దాన్ని బొడ్డు అనే పిలుస్తారు. వాళ్ళ లాటిన్ మాటకు అర్థం కూడా అదే.

అన్నిటికంటే విలువైనది గుల్ల మొన. నత్త పెరిగినకొద్దీ పాత గుల్ల విడిచి కొత్తది తొడుక్కోదు. ఉన్నదానికే మూతి దగ్గర కొంచెం కొంచెం కలుపుకుంటూ పోతుంది. కనుక మొన మీద ఉన్నది పుట్టినప్పటి గుల్ల. ముసలి నత్త కూడా తన పసితనాన్ని నెత్తిన పెట్టుకుని తిరుగుతుందన్నమాట. పిల్ల నత్త నీళ్ళలో తేలుతూ, తింటూ పెరిగితే, సాధారణంగా ఆ మొనకు సన్నని చుట్లు ఎక్కువ ఉంటాయి. తేలకుండా, గుడ్డులోంచి రాగానే పాకే రకమైతే మొన లావుగా, ఒకటి రెండు చుట్లతో ఉంటుంది. నత్త ఎప్పుడో చచ్చిపోయింది. దాని ఒళ్ళు ఎవరూ చూడలేదు. అయినా అది ఎట్లా పుట్టి పెరిగిందో ఖాళీ గుల్ల చెప్తుంది. కేథరిన్ కాలంలో దీన్ని చూడటానికి భూతద్దాలు, మామూలు సూక్ష్మదర్శినులు ఉండేవి. ఇప్పుడు ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో ఆ మొనను వేల రెట్లు పెద్దగా చూడొచ్చు.

అయితే గుల్ల మోసం కూడా చేస్తుంది. ఒక నత్త పిల్లగా ఉన్నప్పటి గుల్ల వేరే రకం నత్తలా కనిపించవచ్చు. ఒడ్డు దగ్గర బతికిన నత్త చచ్చాక, దాని గుల్ల దొర్లుకుంటూ లోతుకు పోవచ్చు. చేప మింగి దూరంగా వదలొచ్చు. లోతులో దొరికింది కదా అని లోతులో బతికిందని రాస్తే తప్పవుతుంది. తొందరపడి కొత్త పేరు పెట్టాక, అది పాత రకమేనని తేలిన సందర్భాలు చాలా ఉన్నాయి. అప్పుడు ముందు పెట్టిన పేరే నిలుస్తుంది. అందుకే మ్యూజియాల్లోని పాత గుల్లలన్నిటితో పోల్చి చూడాలి. ఈ పనిలో ఎక్కువ కాలం పట్టేది ఇక్కడే.

కొత్తదే అని తేలితే పేరు పెడతారు. పేరులో రెండు మాటలు ఉంటాయి. మొదటిది దగ్గరి చుట్టాలన్నిటికీ ఒకటే. రెండోది దానికొక్కదానికే. తెలుగువాళ్ళ ఇంటిపేరు, పేరు లాంటిదే ఇది. స్వీడన్ దేశపు లిన్నేయస్ 1758లో వేసిన పుస్తకం నుంచి జంతువుల పేర్లు లెక్కలోకి వస్తాయి. కేథరిన్ కూడా 1897లో ఒక చిన్న నత్తల గుంపుకు 'లిస్సోస్పైరా' అని ఇంటిపేరు పెట్టింది. నున్నటి చుట్టు అని దాని అర్థం.

పేరు నోటితో చెప్తే చాలదు. వివరంగా రాసి అచ్చు వెయ్యాలి. ఒక గుల్లను మూల నమూనాగా ఎంచి, నంబరు వేసి, మ్యూజియంలో దాచాలి. రేపు ఎవరికైనా అనుమానం వస్తే ఆ గుల్లనే తీసి చూస్తారు. ఆవగింజంత గుల్ల పగిలినా, పోయినా పెద్ద చిక్కే.

ఆవగింజంత నత్తకు పేరు లేకపోతే ఎవరికి నష్టం అనిపించవచ్చు. ఇంకొక నత్త సంగతి చూడండి. ఇది అంత చిన్నది కాదు. చింతగింజ కంటే పెద్దదే. 2001లో హిందూ మహాసముద్రంలో, రెండు కిలోమీటర్లకు మించిన లోతులో, వేడినీటి ఊటల దగ్గర ఇది దొరికింది. దాని కాలి నిండా ఇనుము కలిసిన పొలుసులు ఉన్నాయి. పద్ధతి ప్రకారం పేరు, వివరం అచ్చయింది 2015లో. అట్లాంటి ఊటల దగ్గర లోహాలు ఉంటాయి. వాటిని తవ్వాలని చూసేవాళ్ళు ఉన్నారు. 2019లో ఈ నత్తను ప్రమాదంలో ఉన్న జీవుల అంతర్జాతీయ పట్టీలో చేర్చారు. లోతు సముద్రపు గనుల ముప్పు వల్ల ఆ పట్టీకి ఎక్కిన మొదటి జీవి ఇదే. పేరు అచ్చు కాని జీవిని సామాన్యంగా ఆ పట్టీలో రాయరు.

చేసి చూడండి

పొలంలోనో చెరువు దగ్గరో ఖాళీ నత్త గుల్లలు నాలుగైదు ఏరుకు రండి. ఒకదాన్ని మొన పైకి, మూతి మీ వైపుకి ఉండేట్టు పట్టుకోండి. మూతి ఏ పక్కన ఉంది? చాలా గుల్లలకు కుడి పక్కనే ఉంటుంది. దక్షిణావర్త శంఖానికి మాత్రం ఎడమ పక్కన ఉంటుంది. మరి దాన్ని కుడి శంఖం అంటారేం? పూజలో శంఖాన్ని మొన కిందికి ఉండేట్టు పట్టుకుంటారు. అప్పుడు మూతి కుడి పక్కకు వస్తుంది.

ఇప్పుడు చుట్లు లెక్కపెట్టండి. మూతి ఎట్లా ఉందో, బొడ్డు ఉందో లేదో చూడండి. చూసింది నాలుగు వాక్యాల్లో రాయండి. తరువాత గుల్లలన్నీ కలిపేసి, మీ కాగితం పక్కామెకు ఇవ్వండి. అది చదివి ఆమె మీరు రాసిన గుల్లనే తీస్తుందేమో చూడండి.