ఇంగ్లీషు పాఠం: 'ఛార్జ్' అనే మాట

'ఛార్జ్' అనే ఇంగ్లీషు మాట వాడని తెలుగువారు అరుదు. బస్సు ఛార్జీ ఇస్తాం, సెల్‌ఫోన్‌కు ఛార్జింగ్ పెడతాం, ఊరేగింపు మీద లాఠీఛార్జి జరిగిందని పేపర్లో చదువుతాం, కొత్త తహసీల్దారు ఛార్జి తీసుకున్నారని చెప్పుకుంటాం. డబ్బుకూ, కరెంటుకూ, దెబ్బలకూ, ఉద్యోగానికీ ఒకే మాట ఎలా సరిపోయింది? పిల్లలు అడిగితే "ఇంగ్లీషు అంతే" అని తప్పించుకుంటాం గాని, దీనికి జవాబు ఉంది.

లాటిన్‌లో 'కర్రుస్' అంటే బండి. బండికి సరుకెత్తడం అనే అర్థంలో దానినుంచి పుట్టిన క్రియ ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి వచ్చి 'ఛార్జ్' అయింది. కార్, క్యారీ, కార్గో కూడా ఆ ఇంటి బిడ్డలే. అంటే అసలు అర్థం బరువు ఎత్తడం. ఖర్చు అనే బరువు మన మీద పడితే అది ఫీజు. బాధ్యత అనే బరువు పడితే ఉద్యోగపు ఛార్జి. తుపాకీలో మందు కూరడం కూడా ఛార్జే. విద్యుత్తును నిలవచేసే జాడీలు 18వ శతాబ్దంలో వచ్చినప్పుడు వాటిని నింపడానికీ అదే మాట వాడారు, అదే మన సెల్‌ఫోన్ దాకా వచ్చింది. దాడి అన్న అర్థం కాస్త దూరపు చుట్టం: ఆయుధాన్ని ఎదుటివాడి మీదికి ఎక్కుపెట్టడాన్ని కూడా ఛార్జ్ అనేవారు.

మన భాషలోనూ ఈ పోకడ ఉంది. గడ్డిమోపు నెత్తిన పెడతాం. పన్ను మోపుతాం, నేరమూ మోపుతాం.

ఆ చివరి అర్థం దగ్గర జాగ్రత్త కావాలి. దర్యాప్తు ముగిశాక పోలీసులు కోర్టుకు ఇచ్చేది ఛార్జిషీటు. దాన్ని చూసి, విచారణకు తగిన ఆధారం లేదనిపిస్తే కోర్టు మనిషిని 'డిశ్చార్జ్' చేస్తుంది. ఆధారం ఉందనిపిస్తే ఛార్జి ఖరారు చేసి నిందితుడికి చదివి వినిపిస్తుంది. సాక్ష్యాలన్నీ విన్న తర్వాతే శిక్షో, నిర్దోషి అనే తీర్పో. కాబట్టి 'ఛార్జ్‌డ్' అంటే మోపబడిన నేరం. రుజువైన నేరానికి మాట 'కన్విక్టెడ్'. ఛార్జిషీటు పడిందనగానే ఆ కుర్రవాడికి దొంగ అని పేరు పెట్టేసి పెళ్లి సంబంధాలు, పని, అద్దె ఇల్లు అన్నీ తప్పించేవాళ్లు ఈ తేడా చూడరు. ఉద్యోగ దరఖాస్తుల్లో ఈ రెండు ప్రశ్నలూ వేర్వేరుగా ఉండవచ్చు. ఏ మాట అడిగారో చూసి, దానికి నిజమే రాయాలి.

అప్పు కాగితాల్లో ఇంకో ఛార్జ్ ఉంటుంది. 'ప్రాసెసింగ్ ఛార్జీలు' అంటే కట్టి వదిలించుకునే రుసుము. 'ఛార్జ్ ఆన్ ద ప్రాపర్టీ' అంటే అది కాదు: బాకీ తీరేదాకా ఆ ఇల్లు దానికి హామీగా ఉంటుంది. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 100వ సెక్షన్ దీన్ని తాకట్టు నుంచి వేరుచేసి చెబుతుంది. 'ఆన్' అనే చిన్న మాటను దాటేసి, ఏదో ఫీజు కాబోలనుకొని సంతకం పెట్టకూడదు. ఇంట్లో చదువుకున్న పిల్లలుంటే పెద్దవాళ్లకు ముందు ఈ వాక్యమే చదివి వినిపించాలి.

రాజ్యాంగం 112వ అధికరణలోనూ ఈ మాట ఉంది. సుప్రీంకోర్టు న్యాయమూర్తుల జీతాలవంటివి సంచిత నిధి మీద 'ఛార్జ్‌డ్' ఖర్చులు. పార్లమెంటు వాటిని చర్చించవచ్చు, ఓటింగుకు మాత్రం పెట్టరు. పోటీ పరీక్షలకు చదివేవారు గుర్తుంచుకోదగింది.

'డిశ్చార్జ్' అంటే బరువు దించడం. ఓడ సరుకు దించినా, రోగిని ఆసుపత్రి నుంచి పంపినా, అప్పు తీర్చినా అదే మాట. 'డిశ్చార్జ్‌డ్ హిజ్ డ్యూటీస్' దగ్గర మాత్రం పిల్లలు పొరబడతారు. అతడు విధులు వదిలేశాడని కాదు, నెరవేర్చాడని.

ఇక పరీక్షల్లో తరచు మార్కులు పోయే చోటు. 'ద నర్స్ ఈజ్ ఇన్ ఛార్జ్ ఆఫ్ ద చైల్డ్' అంటే నర్సు బిడ్డను చూసుకుంటోంది. 'ద చైల్డ్ ఈజ్ ఇన్ ద ఛార్జ్ ఆఫ్ ద నర్స్' అంటే బిడ్డ నర్సు సంరక్షణలో ఉంది. రెండో వాక్యంలో ఛార్జ్‌కు ముందున్న 'ద' తీసేస్తే నర్సు బాధ్యత బిడ్డ నెత్తిన పడుతుంది.