కంటికి కనిపించని కార్మికులు

రాత్రి తోడువేసిన పాలు తెల్లవారేసరికి పెరుగవుతాయి. రుబ్బి ఉంచిన ఇడ్లీపిండి పొంగి పులుస్తుంది. ఈ పనులు చేసేవి సూక్ష్మజీవులు. వాటి పనిముట్లే ఎంజైములు. ఇవి ప్రధానంగా మాంసకృత్తులు. రసాయన చర్యలను ఎన్నో రెట్లు వేగవంతం చేసి, తాము మాత్రం తరగక మిగులుతాయి. ఒక్కొక్క ఎంజైము ఒక్కొక్క పనికే తగినది. తాళానికీ తాళంచెవికీ ఉన్న పొందిక వంటిది ఇది అని 1894లో జర్మన్ శాస్త్రవేత్త ఎమిల్ ఫిషర్ వర్ణించాడు. 1897లో ఎడ్వర్డ్ బుక్నర్ ఈస్టు కణాలను నూరి, రసం తీసి, జీవకణం ఒక్కటీ లేని ఆ రసంతోనే చక్కెరను ఆల్కహాలుగా మార్చి చూపాడు. జీవి లేకపోయినా ఎంజైము పనిచేయగలదని తేలడంతో పరిశ్రమలకు కొత్త దారి ఏర్పడింది.

ఈ శాస్త్రంతో మన ప్రాంతానికి పని ఏమిటి? చిత్తూరు, తిరుపతి ప్రాంతాలు తోతాపురి మామిడికీ, మామిడి గుజ్జు పరిశ్రమకూ పేరుపొందాయి. గుజ్జు చిక్కదనానికి ఒక కారణం పెక్టిన్ అనే పదార్థం. పెక్టినేజ్ ఎంజైము దానిని విడగొడితే రసం పలుచబడి, ఎక్కువగా దిగుతుంది, సులభంగా తేటపడుతుంది. ఇక మిగిలేవి తొక్కలు, టెంకలు. పండు బరువులో ఇవి మూడవవంతుకు మించుతాయి. వీటిని కుప్పలుగా పారవేస్తే కుళ్లి దుర్గంధం వ్యాపిస్తుంది, నీరు చెడుతుంది. కానీ అదే తొక్కపై ఆస్పర్‌జిల్లస్ నైగర్ అనే బూజును పెంచితే, అది పెక్టినేజ్‌ను తయారుచేస్తుంది. నిన్నటి వ్యర్థం నేటి ముడిసరుకు అవుతుంది!

2025లో తోతాపురి ధర పడిపోయినప్పుడు రాష్ట్ర ప్రభుత్వం కిలోకు 4 రూపాయల వంతున రైతులకు సాయం ప్రకటించవలసి వచ్చింది. పండు గుజ్జుకే గాక, తొక్కకూ టెంకకూ విలువ వచ్చిననాడు పరిశ్రమ నిలదొక్కుకుంటుంది. ఆ విలువలో న్యాయమైన వాటా రైతుకు అందాలి.

మరొక ఉదాహరణ పాలారు. కర్ణాటకలో పుట్టి, కుప్పం ప్రాంతం మీదుగా తమిళనాడు చేరే ఈ నది, అక్కడి వాణియంబాడి, ఆంబూరు, రాణిపేట తోళ్ల పరిశ్రమల వ్యర్థాలతో కలుషితమైంది. 1996లో సుప్రీంకోర్టు ఈ విషయమై చారిత్రాత్మకమైన తీర్పు ఇచ్చింది. తోలు మీది వెంట్రుకలను తొలగించడానికి సున్నం, సోడియం సల్ఫైడు వాడడం పాతపద్ధతి. సూక్ష్మజీవుల నుండి తీసిన ప్రోటియేజ్ ఎంజైములు వెంట్రుకల కుదుళ్లను వదులుచేస్తాయి. అందువల్ల సల్ఫైడు వాడకం బాగా తగ్గుతుంది.

అయితే ఎంజైములు సర్వరోగనివారిణులు కావు. తగిన ఉష్ణోగ్రత, తగిన ఆమ్లత లేనిదే అవి పనిచేయవు. తోలు ఊనడంలో వాడే క్రోమియంను ప్రోటియేజ్ తొలగించలేదు. వ్యర్థజలాల శుద్ధి తప్పనిసరిగా జరగవలసినదే.

తిరుపతిలో 1954లో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం వెలసింది. 2015లో ఐసర్ ఆరంభమైంది. ప్రయోగశాలలోని జ్ఞానం పొలం గట్టునూ, ఏటి ఒడ్డునూ చేరినప్పుడే చదువు సార్థకమవుతుంది. ఆ బాధ్యత నేటి విద్యార్థులది.